సాలీడత్త

వీడియో గేముల్లోకి కొత్త రాక్షసులను కల్పించే అభిమానులు లోకానికి దొరికిన వరం. నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

ఆట తయారుచేసినవాళ్ళు వీళ్ళను అడగలేదు. జీతం లేదు, సెలవు లేదు. అయినా ఆ ఆటలో లేని శత్రువుకు గోళ్ళతో సహా బొమ్మ గీసి, అభిమానుల పేజీలో పెట్టి, దానికోసం కొట్టుకుంటారు. సాలీడుకు మోకాలిచిప్పలు ఉంటాయా అన్న విషయం మీద ఇద్దరు ప్రాణస్నేహితులు మాట్లాడుకోవడం మానేశారు. ఒక డాక్టరుగారైతే ఎదుట రోగిని కూర్చోబెట్టుకుని మరీ తీర్పు చెప్పారు. ఇంత దీక్ష ఏ ఆఫీసులో చూశారు మీరు?

నేను ఏళ్ళ తరబడి థ్రిల్లర్ సీరియళ్ళు రాస్తున్నాను. నా విలన్ మోకాళ్ళ గురించి ఒక్క పాఠకుడైనా అడిగాడా? 'ఎప్పుడు అయిపోతుందండీ?' అని మాత్రం అడిగారు.

మా అమ్మాయి కల్పించిన సాలీడు పేరు 'మేనత్త'. అది కరవదు, విషం కక్కదు. పైకప్పు నుంచి చప్పుడు లేకుండా దిగి ప్రశ్నలు వేస్తుంది. ఎందుకంత చిక్కిపోయావు? ఉద్యోగం ఏమైంది? ఆ జుట్టేమిటి? ఒక్కో ప్రశ్నకూ ఒక్కో దారం చుట్టుకుంటుంది. చివరికి ఆటగాడు నిలువునా దారపు కండెలా తయారవుతాడు. ఆ సాలీడు మెడలో కొలతల టేపు, నోట్లో గుండుసూదులు. ఎక్కడో చూసినట్టుందా? మా అక్క టైలరు. షాపు పక్క వీధిలోనే.

సాలీడు అందరికీ నచ్చింది. చిక్కల్లా ఆ పేజీ నియమంతో వచ్చింది. ప్రతి శత్రువుకూ ఒక బలహీనత ఉండి తీరాలి. లేకపోతే సాయంత్రానికల్లా తీసేస్తామని పేజీ పెద్ద హెచ్చరించాడు. నెలంతా గీసిన బొమ్మ. అమ్మాయి ముఖం చిన్నబోయింది.

"నిప్పు పెట్టు," అన్నాను.

"అత్తకా?"

"సాలీడుకే."

"నీ విలన్లందరూ తగలబడే గోడౌన్లలోనే ఎందుకు పోతారో ఇప్పుడర్థమైంది నాన్నా."

సరిగ్గా అప్పుడే మా అక్క లోపలికొచ్చింది. షాపులో భోజనం వేళ. తిన్నగా స్క్రీన్ ముందుకెళ్ళి నిలబడింది.

"ఇది నా టేపు కదటే?"

సస్పెన్స్ అమ్ముకుని బతికేవాణ్ణి, నాకే ఊపిరి ఆగింది. అమ్మాయి కుర్చీలో సగానికి కుంగిపోయింది.

అక్క కళ్ళజోడు సవరించుకుంది. "కాళ్ళకి ఆ ముడతలేమిటే? చూసినవాళ్ళు నేనే కుట్టాననుకుంటే నా పేరేం కావాలి?"

"అది సాలీడత్తా, జాకెట్టు కాదు."

"సాలీడైతే మాత్రం అతుకు వంకరగా ఉంటుందా? జరుగు."

ముడతలన్నీ పోయేదాకా దగ్గరుండి దిద్దించింది. కళ్ళు చాల్లేదని ఇంకో జత పెట్టించింది. అమ్మాయికి ధైర్యం వచ్చింది.

"అత్తా, నిన్ను ఓడించాలంటే ఏం చెయ్యాలి?"

అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నేను నోరు తెరిచేలోగా నువ్వే అడిగెయ్. 'నువ్వెలా ఉన్నావత్తా?' అని. అంతే, నా దారమంతా జారిపోతుంది. ఏం చెప్పాలో తెలీదు. ఎవరూ అడగరుగా, అలవాటు లేదు."

"అత్తా, సూపర్!" అంటూ అమ్మాయి టకటకా టైపు చేసింది. పేజీ పెద్ద ఒప్పుకున్నాడు. సాలీడు బతికింది! బొమ్మ కింద అభిమానులు వరస కట్టారు. 'ఎలా ఉన్నావత్తా?' 'ఆరోగ్యం బాగుందా అత్తా?' 'అలిసిపోయావా అత్తా?' అందరూ ముక్కూమొహం తెలియనివాళ్ళే. అమ్మాయి ఒక్కోటీ పైకి చదువుతుంటే నేను చప్పట్లు కొట్టాను.

మా అక్క కాసేపు మా ఇద్దరి వీపుల వెనకే నిలబడింది. తర్వాత చెప్పులు వేసుకుని షాపుకెళ్ళిపోయింది. మేం తల తిప్పి చూసేసరికి గది ఖాళీ.

కనుక పాఠకులారా, మీ ఇంట్లో ఎవరూ పలకరించని మనిషి ఒకరున్నారా? బెంగ పెట్టుకోకండి. ఎనిమిది కాళ్ళు తగిలించి ఆ పేజీలో పెట్టండి. లోకమంతా అడుగుతుంది. మీకు ఆ శ్రమ ఉండదు.