వేడెక్కని కార్డు

“ఇగ లాలాగూడను ఎవరూ మ్యాపుల దేవులాడే పని లేదు. ప్రపంచమే మనల్ని దేవులాడుకుంట వస్తది!” అని బస్తీ డిజిటల్ ప్రగతి మండలి అధ్యక్షులు రామ్మోహనరావు గారు ప్రకటించగానే కమ్యూనిటీ హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ప్రపంచం అంత కష్టపడి రావడానికి కారణం, కంప్యూటరు చేత గబగబా బొమ్మలు గీయించే గ్రాఫిక్స్ కార్డు ఒకటి మండలి మంజూరు చేయడం. అక్షరాలా ఒకటి.

చప్పట్లు కొట్టనిది షెకీనా ఒక్కతే. పొగరనుకునేరు! పాపం, ఆమె చేతిలో టీ గ్లాసుల ట్రే ఉంది. అదే హాల్లో, వెనక గదిలో, ఆమె బస్తీ పిల్లలకు ఉచితంగా యానిమేషన్ నేర్పుతుంది. సభలున్నప్పుడు టీ బాధ్యత కూడా ఆమెదే.

ఆ కార్డు కోసం అర్జీ పెట్టింది కూడా ఆమే. ఆమె పిల్లలు ఆరుగురు కలిసి ఒక చిన్న సినిమా తీస్తున్నారు. మౌలాలి గుట్ట మెట్లెక్కే మేక కథ. నెలాఖరులోగా పూర్తి చేసి పంపితే, నచ్చితే, ఆరుగురికీ ఉద్యోగాలిస్తామని ఒక స్టూడియో వాళ్లు మాటిచ్చారు. ఆలోచన బాగుంది, మేక బాగుంది. ఎటొచ్చీ దాని ఒంటిమీద వెంట్రుకలతోనే చిక్కు. ఒక్కో వెంట్రుకనూ లెక్కగట్టి బొమ్మ వెయ్యాలి కదా, మేక ఒక్క మెట్టెక్కడానికి హాల్లో ఉన్న పాత కంప్యూటరుకు ఒకపూట పడుతోంది. పదకొండో మెట్టు దగ్గర కంప్యూటరు అసలే మొరాయించడంతో మేక మూడు రోజులుగా ఒంటికాలి మీద నిలబడి ఉంది.

“ఏ కంపెనీదైనా పర్వాలేదు సార్,” అంది షెకీనా టీ అందిస్తూ. “లోపల చిప్ ఒకటే. పైన ఫ్యాన్లు, మూత, లైట్లు ఎవరికి వాళ్లు బిగించి అమ్ముతారంతే. మా కంప్యూటర్ డబ్బా చిన్నది, రెండు ఫ్యాన్లది చాలు. రేపే తెచ్చుకుంటాను.”

అధ్యక్షుల వారు బాధగా చూశారు. “రేపేనా? ప్రజల సొమ్మమ్మా ఇది. ఆగమాగం కొంటరా?”

మండలి ప్రత్యేకాధికారి బ్రహ్మచారి గారికి అప్పటికే అనుమానం మొదలైంది. ఆయన నిజాయితీ గల మనిషి. అనుమానించకుండా కొత్తిమీర కట్ట కూడా కొనరు. “లోపలిది ఒకటే అయితే పదిమంది ఎందుకు చేస్తున్నరు సార్? దీంట్ల ఏదో ఉన్నది. కమిటీ వెయ్యాలె.”

కమిటీ వేశారు. కార్డు వాడబోయే మనిషి కమిటీలో ఉంటే పక్షపాతం వస్తుందని షెకీనాను తీసుకోలేదు. ఈ ఒక్క ముక్క చాలు, మండలి ఎంత నిష్పక్షపాతంగా పనిచేస్తుందో తెలియడానికి.

కమిటీ పార్క్ లేన్‌లో ఆర్థర్ గారి కంప్యూటర్ షాపుకు అధ్యయన యాత్ర చేసింది. అధ్యక్షుల వారు సొంత పనులన్నీ మానుకుని మూడు గంటలు కుర్చీలో కూర్చున్నారు. బ్రహ్మచారి గారు ఒక్కో కార్డు మీద అరచెయ్యి పెట్టి, చెవి ఆనించి, కరెంటు మీటరు చూసి రాసుకున్నారు. ఆ నివేదికను మర్నాడు హాల్లో చదివి వినిపించారు.

“మొదటి కంపెనీ కార్డు, రెండు ఫ్యాన్లది. ఆన్ చేస్తే మిక్సీ లెక్క గోల. తిరస్కరించినం. రెండోది, చెయ్యి పెడితే చుర్రుమన్నది. తిరస్కరించినం. మూడోది, మీటరు గిర్రున తిరిగింది. అది గూడ తిరస్కరించినం. నాలుగోది...” అని బ్రహ్మచారి గారు గొంతు సవరించుకున్నారు. “మూడు ఫ్యాన్లు, తెల్ల రంగు. మూడు గంటలు ఆన్‌ల పెట్టినం. వేడి, సున్న. చప్పుడు, సున్న. కరెంటు, లైట్లకు తప్ప సున్న. ఆ లైట్ల రంగు సుత నిమిషానికోటి మారుతది, ఏ పార్టీ వాళ్లూ అడ్డం చెప్పే సందు లేదు. ఏకగ్రీవం!”

షెకీనా టీ ట్రే పక్కన పెట్టేసింది. “ఫ్యాన్లు తిరగలేదా సార్?”

“తిరగాల్సిన అవసరమే రాలె.”

“మరి స్క్రీన్ మీద బొమ్మ ఎలా వచ్చింది?”

“చూడమ్మా,” అన్నారు బ్రహ్మచారి గారు ఓపిగ్గా. “మేం కార్డును చూడనీకి పోయినం. టీవీ చూడనీకి కాదు.”

నెలాఖరు ఇంకా ఆరు రోజులుందనగా ఆవిష్కరణ జరిగింది. అద్దాల పెట్టెలో కార్డు ఎర్రగా, పచ్చగా, నీలంగా వెలుగుతుంటే బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టారు. పెట్టె అద్దంలో తమ ముఖం కూడా పడేలా నిలబడి అధ్యక్షుల వారు ఫొటో దిగారు. జనం వెళ్లిపోయాక షెకీనా పెట్టె తెరిచి కార్డు చేతిలోకి తీసుకుంది. అప్పడాల ప్యాకెట్టంత తేలిగ్గా ఉంది. తిప్పి చూసింది. కంప్యూటర్లో గుచ్చడానికి ఉండాల్సిన బంగారు రంగు పళ్లు లేవు. వైరు పెట్టే కన్నాలు ఉన్నాయి గానీ, అవి గీసిన బొమ్మలు. ఊపి చూస్తే లోపల లైట్ల తీగ, గాలి తప్ప ఏమీ లేదు.

“మేడం, మేక?” అంది ఆ ఆరుగురిలో ఒకతె, పక్కనే నిలబడ్డ ఊర్మిళ. వాళ్లమ్మ మోండా మార్కెట్లో కూరగాయలమ్ముతుంది. కూతురికి ఉద్యోగం వస్తుందని ఆమె అప్పుడే చుట్టుపక్కల బుట్టలవాళ్లందరికీ చెప్పేసింది.

షెకీనాకు ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే మేక మెట్టెక్కదు కదా! ఆటో ఎక్కి నేరుగా పార్క్ లేన్ వెళ్లింది.

ఆర్థర్ గారు ఆమెను చూడగానే తల పట్టుకున్నారు. “నాకు తెలుసు మేడం, మీరొస్తారని. నేను చెప్పిన. ‘సార్, అది ఉత్త డొల్ల, షోకేసుల చూపియ్యనీకి పెట్టినం’ అని ఒకటి కాదు, నాలుగుసార్లు చెప్పిన.”

“మరి ఏమన్నారు?”

“‘మేం గూడ అందుకే గద కొంటున్నం’ అన్నరు.”

షెకీనా అక్కడే స్టూలు మీద కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కాసేపు చేసింది.

“పరేషాన్ కాకుండ్రి,” అన్నారు ఆర్థర్ గారు, లోపల్నుంచి ఒక డబ్బా తెస్తూ. “బిల్లు అసలు కార్డుకే రాసిన. అసలుది ఈడనే ఉన్నది, వాళ్లు ముట్టుకోనే లేదు. కాకపోతే మూడు ఫ్యాన్లది, మీ డబ్బాల పట్టదు. దాని బదులు ఆ మిక్సీ లెక్క మోగే రెండు ఫ్యాన్లది తీస్కపోండ్రి. జెర గోల జేస్తది గని, పనిమంతురాలు.”

పనిమంతురాలే. వెనక గదిలో అయిదు రోజులు అది రొదపెట్టింది, ఉడికిపోయింది, మేక మాత్రం పదకొండో మెట్టు మీద దించని కాలు దించి గడగడా పైకెక్కేసింది. గడువుకు ఒకరోజు ముందే సినిమా వెళ్లింది. ఆరుగురికీ పిలుపు వచ్చింది. ఊర్మిళ వాళ్లమ్మ హాలుకు ఒక బుట్టెడు టమాటాలు పంపింది.

ఆ ఘనత ఎవరిదో వేరే చెప్పాలా? మర్నాడే రామ్మోహనరావు గారు విలేకరులతో సహా విచ్చేశారు. “ఒక్క కార్డు, ఆరు ఉద్యోగాలు! ఇట్లాంటి మన నలభై ట్రైనింగ్ సెంటర్లకు ఇదే కార్డు, ఇదే మోడలు, షోకేసుల పీసే తెప్పిస్తున్నం. షెకీనమ్మా, పనితీరు సర్టిఫికెట్ మీద ఒక సంతకం.”

షెకీనా కలం పట్టుకుని ఆలోచించింది. నిజం చెబితే విచారణ. విచారణంటే గదికి తాళం. సోమవారం నుంచి కొత్త బ్యాచ్, పద్నాలుగు మంది. చెప్పకపోతే నలభై సెంటర్లలో నలభై మేకలు ఒంటికాలి మీద. కలం కింద పెట్టి, “సార్, అద్దాల పెట్టెలోది నిజం కార్డు కాదు. లోపల ఏమీ లేదు,” అంది.

“లేకపోతే లేకపాయె,” అన్నారు అధ్యక్షుల వారు ప్రేమగా. “ఫారంల ఆ గడి ఉన్నదా?”

చూసింది. కార్డు వేడెక్కిందా? చప్పుడు చేసిందా? కరెంటు ఎక్కువ తిన్నదా? మూడే గడులు. మూడింటికీ ‘లేదు’ అని రాసి సంతకం పెట్టింది. ఒక్క అబద్ధమూ లేదు.

అప్పుడే వెనక గదిలోంచి బుర్రుమని రొద మొదలైంది. విలేకరులు తలలు తిప్పారు.

“ఏందమ్మా గా చప్పుడు?” అన్నారు అధ్యక్షుల వారు.

“పిల్లలు పని చేసుకునే కార్డు సార్. గోల చేస్తుంది, వేడెక్కుతుంది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?”

రామ్మోహనరావు గారు మొహం చిట్లించి, అద్దాల పెట్టె వంక ఒకసారి చూసుకున్నారు.

“ఉంటే ఉండనీ. ఎవరికీ కనపడకుండ తలుపు దగ్గరికెయ్యి.”

షెకీనా వెళ్లి తలుపు దగ్గరికి వేసింది, లోపలి వైపు నుంచి.