రిమోట్ రత్న

దేశంలోకెల్లా రిమోట్ వర్కర్లకు అనువైన నగరంగా ఏలూరును నిలబెట్టి తీరతానని మంత్రిగారు ప్రతిజ్ఞ చేశారు. హైదరాబాదులో తన ఇంట్లో సోఫాలో కూర్చుని, వీడియోలో చేశారు. ఏలూరులో కొల్లేటి సరస్సు ఊళ్ళకి కరెంటూ గట్రా చూసే సౌకర్యాల సంస్థ హాల్లో పెద్ద తెర కట్టి ఆ ప్రతిజ్ఞను జనానికి చూపించారు. కార్యకర్తలు తెరకి గజమాల వేశారు. మాల మంత్రిగారి నోటికి అడ్డం పడింది. పి.ఎ. ప్రసాదరావు స్టూలెక్కి దాన్ని కిందికి సర్ది, తెరకి దణ్ణం పెట్టి దిగాడు.

"మనిషి ఎక్కడున్నాడన్నది కాదు, పని జరిగిందా లేదా అన్నదే ముఖ్యం!" అన్నారు మంత్రిగారు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వెనక వరసలో ఒక అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమె చేతిలో అర్జీ ఉంది.

పేరు జెస్సీ. ఊరు కొల్లేటికోట. ఇంట్లో కూర్చుని బెంగుళూరు కంపెనీకి ఇన్సూరెన్స్ క్లెయిములు చూస్తుంది. మొన్నటి గాలివానకి వాళ్ళ వీధి కరెంటు స్తంభం, దానికి కట్టిన నెట్ కేబులుతో సహా చేపల చెరువులోకి ఒరిగిపోయింది. వీధంతా చీకటి. కొత్త స్తంభం వచ్చింది గానీ గట్టు మీద పడుకుని ఉంది. దాన్ని నిలబెట్టాలంటే సౌకర్యాల సంస్థ ఏ.ఈ. వీరాస్వామిగారి సంతకం కావాలి. కంపెనీ వాళ్ళ సాఫ్ట్‌వేరు ఇంటి లైను తప్ప ఇంకో లైను ఒప్పుకోదు. శుక్రవారానికి లైన్లోకి రాకపోతే ఉద్యోగం ఉండదని వాళ్ళు మర్యాదగానే చెప్పారు.

"వీరాస్వామిగారు ఉన్నారాండీ?" అటెండర్ హెప్సిబాని అడిగింది జెస్సీ.

"ఉన్నారమ్మా."

"ఎక్కడండీ?"

"ఆన్‌లైన్లో."

"ఆఫీసుకి ఎప్పుడొస్తారండీ?"

"ఆయన్ని చూడాలని నాకూ ఉందమ్మా. నేను చేరి నాలుగేళ్ళయింది."

ఈ మాటలు ప్రసాదరావు చెవిన పడ్డాయి. ఒక్క ఉదుటున వచ్చాడు.

"ఏమ్మా, నువ్వు ఇంటి నుంచి పనిచేస్తావా? నిజంగానేనా?"

"చేసేదాన్నండీ, స్తంభం పడేదాకా."

ప్రసాదరావు కళ్ళు చెమర్చాయి. రిమోట్ నగరాల పోటీకి మార్కులెయ్యడానికి వచ్చే జడ్జిగారికి చూపించడానికి అసలు సిసలు రిమోట్ వర్కర్ కోసం ఊరంతా గాలించాడు పాపం. దొరికినవాళ్ళంతా నెట్ బాగోలేదని హైదరాబాదు వెళ్ళిపోయినవాళ్ళే.

"గురువారం జడ్జిగారు వస్తున్నారు. నువ్వు లాప్‌టాప్ ముందు కూర్చుని నవ్వితే చాలు. సంతకం నా పూచీ."

"నెట్ లేకుండా ఏం చెయ్యనండీ?"

"నవ్వడానికి నెట్ ఎందుకమ్మా?"

జెస్సీ ఒప్పుకుంది. ఇంకో దారి లేదు.

గురువారం జడ్జి నిరంజన్‌గారు ముందు తాడేపల్లిగూడెంలో దిగారు. పోటీలో ఉన్న గూడెం వాళ్ళూ తక్కువ తినలేదు. ఉల్లిపాయల గోడౌను మీద ఏ.సి. హాలు కట్టించి, డిగ్రీ కుర్రాళ్ళని కూర్చోబెట్టారు. అందరికీ కళ్ళమ్మట ధారగా నీళ్ళు. 'పని ఒత్తిడి ఎక్కువ' అని రాసుకుని ఆయన ఏలూరు బయల్దేరారు.

ఏలూరులో మంత్రిగారు స్వయంగా ఎదురొచ్చారు. సంస్థ హాల్లో అరటి బోదెల మధ్య, కొల్లేటి పక్షుల ఫ్లెక్సీ ముందు, జెస్సీ నవ్వుతూ కూర్చుని ఉంది.

"ఇప్పుడేం పని చేస్తున్నారండీ?" అడిగారు జడ్జిగారు.

జెస్సీ మంత్రిగారి వైపు చూసింది. తర్వాత లాప్‌టాప్ నల్లటి తెర వైపు చూసింది.

"ఏమీ లేదండీ. మా స్తంభం చెరువులో పడింది. ఏ.ఈ. గారు సంతకం పెట్టాలి."

ప్రసాదరావు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. జడ్జిగారు లేచి, తిన్నగా పక్కనున్న ఆఫీసు గదిలోకి నడిచారు. బారులు తీరిన బల్లలు. బల్లకో కుర్చీ. ఒక్క కుర్చీలోనూ మనిషి లేడు.

"ఇదేంటండీ? ఎవరూ లేరు?"

సామాన్యుడైతే ఆ క్షణాన కుప్పకూలేవాడు. మంత్రిగారు సామాన్యులు కారు. చిరునవ్వు నవ్వారు.

"వీళ్ళంతా రిమోట్ వర్కర్లేనండీ."

"అందరూనా?"

"అందరూనండీ. అకౌంటెంటు గారు విజయవాడ నుంచి. ఏ.ఈ. గారు హైదరాబాదు నుంచి. సూపరింటెండెంటు గారు ద్వారకా తిరుమల నుంచి."

"ద్వారకా తిరుమలలో ఆయనేం చేస్తారు?"

"కొబ్బరికాయల షాపండీ," అన్నాడు ప్రసాదరావు. మంత్రిగారు కాలు తొక్కేసరికే మాట బయటికొచ్చేసింది.

"మరి జనం నుంచి కంప్లయింట్లు రావా?"

"ఒక్కటి కూడా నమోదు కాలేదండీ."

"అదెలా?"

"నమోదు చేసే సెక్షను కూడా రిమోటేనండీ."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"నేను చాలా నగరాలు చూశానండీ. ఉద్యోగి దూరంగా ఉంటే ఎక్కడో ఓ చోట తేడా తెలుస్తుంది. ఇక్కడ ఎవరికీ తెలియడం లేదు!"

"నాకు తెలుస్తోందండీ!" అంది గుమ్మంలోంచి జెస్సీ.

"సంతోషం పట్టలేకపోతోందండీ ఆ అమ్మాయి," అని ప్రసాదరావు తలుపు మూసేశాడు.

ఏలూరుకి మొదటి బహుమతి వచ్చింది. శుక్రవారమే సన్మాన సభ. ఉత్తమ ఉద్యోగికి 'రిమోట్ రత్న' బిరుదు. అది వీరాస్వామిగారికి. శాలువా ఆన్‌లైన్లో కప్పడం కుదరదు కాబట్టి ఆయన స్వయంగా విచ్చేశారు. స్టేషన్లో దిగి, తన ఆఫీసుకి దారి ఆటో అతన్ని అడిగారు.

శాలువా భుజాన పడగానే జెస్సీ స్టేజీ ఎక్కేసింది.

"సార్, ఒక్క సంతకం! ఇవాళే ఆఖరండీ."

"అయ్యో, అంత దూరం నుంచి వచ్చావా తల్లీ!" వీరాస్వామిగారు ఎంతో సౌమ్యులు. పెన్ను తీశారు. అర్జీ మొత్తం ఓపిగ్గా చదివారు. తర్వాత పెన్నుకి క్యాప్ పెట్టేశారు.

"ఇవాళ నేను లీవులో ఉన్నానమ్మా. ఫంక్షన్ కదా. లీవులో సంతకం పెట్టకూడదు. డ్యూటీలో ఉన్నప్పుడు రా."

"డ్యూటీలో ఉన్నప్పుడు మీరిక్కడ ఉండరు కదండీ!"

"దానికేగా తల్లీ ఈ శాలువా."

ఆ సాయంత్రమే కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. మళ్ళీ మర్యాదగానే.

మర్నాడు ప్రసాదరావు ఫోన్ చేశాడు. మంత్రిగారు ఎవరి కష్టమూ ఉంచుకునే మనిషి కారు.

"జెస్సీ గారూ, అవార్డు వచ్చాక ఆఫీసుకి జనం తాకిడి ఎక్కువైంది. వచ్చినవాళ్ళకి జవాబు చెప్పడానికి మీకో ఉద్యోగం వేయించారు సారు. రోజూ పదింటికల్లా కుర్చీలో ఉండాలి. ఇంటి నుంచి చేస్తానంటే మాత్రం కుదరదు."

"ఎందుకండీ?"

"ఎవరో ఒకరు ఉండకపోతే ఎలాగమ్మా? గవర్నమెంటు ఆఫీసు!"

సోమవారం జెస్సీ కుర్చీలో కూర్చుంది. ప్రసాదరావు వెనకాలే నిలబడి చూస్తున్నాడు. మొదట వచ్చినాయన పంచె అంచుకి కొల్లేటి బురద ఇంకా ఆరలేదు. తలొంచుకుని అర్జీ బల్ల మీద పెట్టాడు.

"ఏ.ఈ. గారు ఉన్నారాండీ?"

అప్పుడు తలెత్తి చూశాడు. జెస్సీ వాళ్ళ నాన్న వరదానం; ఆ స్తంభం కోసమే వచ్చాడు, కూతురు కూర్చునేది ఈ కుర్చీలోనని తెలియదు.

"ఉన్నారండీ," అంది జెస్సీ.