కంబగిరిరెడ్డి మంచు యాత్ర

"మంచు మీద జారనివాడు మనిషే కాడు!"

1957 ఎండాకాలంలో, ఆళ్లగడ్డలో రాళ్లు పగిలే ఎండలో, కంబగిరిరెడ్డి తన వసారాలో నిలబడి ఈ మహావాక్యం సెలవిచ్చాడు. విన్న పదిమందీ ఇంతకాలం తాము మనుషులు కామని తెలిసి సిగ్గుపడ్డారు. ఆ లెక్కన రెడ్డి కూడా అప్పటికింకా మనిషి కాదు. ఆ మాట అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇదంతా నంద్యాల ప్లీడరు శేషయ్య చేసిన పాపం. ఆయన ఊటీ పోయొచ్చి, ఆ ఎండల్లో ఉన్ని స్వెట్టరు తొడుక్కుని పెండ్లిండ్లకు తిరగసాగాడు. జనం రెడ్డిని వదిలేసి స్వెట్టరు చుట్టూ మూగారు. రెడ్డికి కడుపు మండిపోయింది. ఆయన ఇంట్లో క్యాలెండరు మీద ఒక దొర కాళ్లకు రెండు చెక్కలు కట్టుకుని తెల్లని కొండ మీంచి జారుతుంటాడు. కింద గుల్‌మార్గ్, కాశ్మీరం అని రాసుంది. ఇంకేం! ఊటీని తలదన్నే ఊరు దొరికింది.

నిజానికి రెడ్డికి చలంటే ప్రాణభయం. ఎగువ అహోబిలం మెట్లెక్కితేనే కండ్లు తిరుగుతాయి. పోవాలని ఆయనకు ఏ కోశానా లేదు. పోతానని చెప్పుకోవాలి, అంతే! పోకుండా అడ్డం పడే దేవుడు ఒకడున్నాడు. ఆ రోజుల్లో కాశ్మీరం పోవాలంటే సర్కారు పర్మిట్ కావాలి. సర్కారు ఆలస్యం మీద రెడ్డికున్న నమ్మకం ఇంతా అంతా కాదు.

నంద్యాల వడ్రంగి బుడేన్ చేత టేకు చెక్కలు చేయించాడు.

"ఏంది రెడ్డీ ఇవి? సేద్యం గుంటకలా అంటే గుంటకలు గావు. ముందర ఈ వంపెందుకు?" అన్నాడు బుడేన్.

"మంచులో గుచ్చుకోకుండా. నీకు తెల్దులే."

చెక్కలు వసారాలో వేలాడాయి. చలికోటు కుట్టించాడు. ఉయ్యాలవాడ నుంచి, గడివేముల నుంచి జనం వచ్చి చెక్కలు తడిమి చూసి, మజ్జిగ తాగి పోయేవాళ్లు. పోయొచ్చినవాడికంటే పోబోయేవాడికే మర్యాద ఎక్కువని రెడ్డికి అప్పుడే తెలిసింది. శేషయ్య స్వెట్టరుకు పురుగు పట్టింది.

"ప్రయాణం ఎప్పుడు రెడ్డీ?"

"పర్మిట్ రావాలప్పా! ఢిల్లీలో ఫైలు నడుస్తాంది!"

ఇట్లా రెండేండ్లు నడిచింది. ఈ మాటలన్నీ అందరికంటే గట్టిగా నమ్మింది రెడ్డి భార్య రామలక్ష్మమ్మ. పెండ్లయి ఇరవై యేండ్లయినా ఆమె అహోబిలం దాటి ఎరగదు. రోజూ ఆ క్యాలెండరు దుమ్ము తుడిచేది. చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ మంచు చూసి వస్తానని మాటిచ్చేసింది.

1959 ఏప్రిల్‌లో పిడుగు పడింది. కాశ్మీరం పోవడానికి ఇకమీద పర్మిట్ అక్కర్లేదని పేపర్లో వచ్చింది! సర్కారు ఇంత ద్రోహం చేస్తుందని రెడ్డి కలలో కూడా అనుకోలేదు. పేపరు మడిచేలోపే ఊరంతా వచ్చి వసారాలో కూర్చుంది. ఇక తప్పుతుందా?

రెడ్డి మేనత్త ఓబులమ్మ కాశీ పోయొచ్చిన మనిషి. నేనూ వస్తానని మూట కట్టింది. "మంచుకొండంటే శివయ్యకు మామగారిల్లు నాయనా! కాశీయాత్రకు మాదిరే సాగనంపాల" అని తీర్పు చెప్పింది. రెడ్డికి చలికోటు తొడిగి మేళం పెట్టారు. పొలిమేరలో కొబ్బరికాయ కొట్టారు. ముసలమ్మ ఊరందరూ వినేట్టు అన్నది: "కాయ కొట్టి పొలిమేర దాటినోడు యాత్ర చేయకుండా తిరిగొస్తే ఊరికి వాన పడదు!"

నంద్యాల స్టేషన్‌లో రైలు కూత వినబడగానే రెడ్డి పొట్ట పట్టుకుని బెంచీ మీద వాలిపోయాడు.

"అమ్మో! కడుపునొప్పి! ఇంటికి పోదాం పదండి!"

రామలక్ష్మమ్మ కదల్లేదు.

"ఈ నొప్పి వస్తాదని నాకు తెల్సు. నిన్న బట్టలు సర్దేటప్పుడు మీ పర్మిట్ అర్జీ ట్రంకుపెట్టె అడుగున దొరికింది. రెండేండ్లుగా ఆన్నే పండుకోనుంది. ఢిల్లీ గాదు, మీరు మన గడపన్నా దాటించలే. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చినా. అయిపాయ. టికెట్లిట్లియ్యండి."

"ఆడోళ్లు ఇద్దరే యాడికి పోతారు?"

"కాశీకి ఎవురు తోడొచ్చినారు నాకు? నీ తాతనా?" అన్నది ఓబులమ్మ. చెక్కలతో సహా ఇద్దరూ రైలెక్కేశారు.

రెడ్డి గతేమిటి? ఇంటికి పోతే వాన పడకపోవడం తర్వాత సంగతి, ముందు పరువు పడిపోతుంది. బుడేన్ కొట్టు వెనక గదిలో రంపప్పొట్టు మధ్య దూరాడు. "ఎవురికీ చెప్పొద్దు" అని ఒట్టు వేయించుకున్నాడు. ఇరవైఆరు రోజులు, నంద్యాల ఎండలో, బయటి గాలి తగలకుండా!

తిరుగు రైలు రోజు పరుగున స్టేషన్ చేరి ఆడవాళ్లను కలుసుకున్నాడు. ముగ్గురూ మేళతాళాలతో ఆళ్లగడ్డ చేరారు. బస్సు దిగిన చోటనే రెడ్డి మొదలుపెట్టాడు: "నడుములోతు మంచప్పా! ఊపిరి పీలిస్తే ముక్కులో గడ్డ కడుతుంది!"

రామలక్ష్మమ్మ సంచిలోంచి ఫోటో తీసి జనానికిచ్చింది. తెల్లని కొండ. చీర కుచ్చెళ్లు నడుములో దోపి, బుడేన్ చెక్కల మీద, నోరంతా తెరిచి నవ్వుతూ రామలక్ష్మమ్మ! పక్కన కంబళి కప్పుకుని ఓబులమ్మ.

"నువ్వు యాడ రెడ్డీ?"

"ఫోటో తీసిందెవురు మరి?" అన్నాడు రెడ్డి తడుముకోకుండా.

"కోటు యాడ పాయ?"

కోటు సంగతి రెడ్డికి అప్పుడు గుర్తొచ్చింది. అయినా రెడ్డి రెడ్డే! కండ్లు సగం మూసి, గొంతు తగ్గించి, "ఆడ ఒక బీదోడు చలికి వణుకుతాండె. చూడలేక ఇచ్చేసినా" అన్నాడు.

జనం చేతులు జోడించారు. ఒకాయన కండ్లు తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నంద్యాల నుంచి ఇంకో బస్సు వచ్చి ఆగింది. బుడేన్ దిగాడు, చంకలో కోటు.

"రెడ్డీ! తొందర్లో మా గదిలో కోటు మర్చిపోయినావే! ఒట్టేసినా గదా, నువ్వు ఇన్నాళ్లూ ఆడుండావని ఎవురికీ చెప్పలే. కోటిచ్చి పోదామని వచ్చినా, అంతే!"

మేళం ఆగిపోయింది. రామలక్ష్మమ్మ కోటు అందుకుని గట్టిగా ఒక విదిలింపు విదిలించింది. తెల్లని రంపప్పొట్టు జలజలా రాలి రెడ్డి కాళ్ల మీద పడింది.

"నడుములోతు అంటివి, పాదాలకే ఉందే రెడ్డీ!" అని ఎవరో అన్నారు. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది.

రెడ్డి భార్య వైపు దీనంగా చూశాడు. "ఇంగోతూరి నిజంగానే పోదాం లేమ్మే" అని గొణిగాడు.

"పోదాం. గానీ సర్కారు ఇడిసిపెట్టిన పర్మిట్టు ఇంగ మన ఇంట్లో నేను పెడతాండా. అర్జీ రాసుకోండి. ట్రంకుపెట్టెలో దాయొద్దు, నా చేతికియ్యండి."