దంతవైద్యుడి చేతికి ఉరుముదొర సుత్తి

ఆ రోజుకు దంతవైద్యుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా కూతురి సుత్తి పూర్తిచెయ్యాలి, దారిలో దాన్ని బళ్ళో ఇచ్చెయ్యాలి, తొమ్మిదిన్నరకు క్లినిక్కు తెరవాలి, పదింటికి నూలు మిల్లు సంక్షేమాధికారిని చిరునవ్వుతో ఎదుర్కోవాలి. ఆ అధికారి చేతికింద మూడు వందల మంది కార్మికులున్నారు. అంటే, ఊడినవాటిని తీసెయ్యకుండా లెక్కేస్తే, తొమ్మిదివేల ఆరు వందల పళ్ళు. ఏటేటా వాటిని పరీక్షించే పని ఎవరికి అప్పగించాలో తేల్చుకోవడానికి ఆయన స్వయంగా వస్తున్నాడు.

పోటీలో ఉన్నది ఇద్దరే. వీధికి అవతలి పక్క డాక్టరుకు ఏసీ హాలుంది, రంగుచేపల తొట్టి ఉంది. మన డాక్టరుకు ఉన్నదల్లా నొప్పి తెలియనివ్వని చెయ్యి. పద్నాలుగేళ్ళలో ఆ చెయ్యి ఒక్కణ్ణీ ఏడిపించలేదు. వచ్చిన చిక్కల్లా అక్కడే. అరిచి బయటపడ్డవాడు ఊరంతా చెబుతాడు గానీ, హాయిగా బయటపడ్డవాడు ఇంటికెళ్ళి పడుకుంటాడు.

ఇక సుత్తి సంగతి. ఆ మధ్యాహ్నం రెండింటికి బళ్ళో నాటకం. అందులో ఆయన తొమ్మిదేళ్ళ కూతురు ఉరుముదొర. ఉరుముదొర బొమ్మల కథల పుస్తకాల్లోని వీరుడు. మంచుదేశాల వాళ్ళు ఏనాడో కొలిచిన ఉరుముల దేవుణ్ణి ఎవరో పట్టుకొచ్చి, బిగుతు చొక్కా తొడిగి, భుజాన ఎర్ర దుప్పటి కప్పి, నెలకొక రాక్షసుణ్ణి చితకబాదే ఉద్యోగంలో పెట్టారు. ఎంత దూరం విసిరినా తగలాల్సినవాడికి తగిలి, తిరిగి చేతికే వచ్చే సుత్తి ఒకటి ఆయనకు ఉంది.

"పిడి పొట్టిగా ఉండాలి నాన్నా," అంది కూతురు, పసుపు రంగు ఊలు గడ్డం సర్దుకుంటూ. "పాత కథలో కూడా పొట్టిదే. చేసేటప్పుడు ఈగ కుట్టి కొలత తప్పిందట."

"దేవుడు కదా, ఇంకోటి చేయించుకోలేకపోయాడా?"

"నాన్నా, నువ్వు చెయ్యి చాలు."

కర్రదిమ్మకు వెండి రంగు వేసి రాత్రే ఆరబెట్టాడు. పొద్దున్నే తెల్లకోటుతో సహా తయారై కూర్చున్నాడు, పిడి అతికించడమే మిగిలింది. బజారు జిగురు ఒక్కటే సరిపోదనిపించి, పళ్ళ తొడుగులు అతికించే సిమెంటు కూడా అందులో కలిపాడు. "పన్ను మీద తొడుగు నిలబెట్టేవాణ్ణి, కర్రకు కర్ర అంటించలేనా?" అని అత్తగారితో అన్నాడు కూడా. పది నిమిషాలు కదలకుండా నొక్కిపట్టుకోవాలని డబ్బా మీద రాసి ఉంది. నొక్కిపట్టుకున్నాడు. మూడో నిమిషంలో ఫోను మోగింది. ఎడమచేత్తో అందుకున్నాడు.

"సార్, మిల్లు ఆఫీసరుగారు తొమ్మిదిన్నరకే వచ్చేస్తారంట," అంది రిసెప్షనిస్టు. "తొందరగా రండి. పెద్ద టీచరమ్మగారు కూడా వస్తానన్నారు, ఎనిమిది నెలల్నుంచి వాయిదా వేస్తున్న పన్ను."

ఆ కంగారులో ఆయన కుడిచెయ్యి ఇంకాస్త గట్టిగా బిగిసింది. పిడి పొట్టిది కావడంతో, కారిన జిగురుకు వేళ్ళు తప్ప వేరే దారి లేకపోయింది. ఫోను పెట్టేసి చెయ్యి తీయబోతే సుత్తి కూడా వచ్చింది.

అత్తగారు ముందు నూనె రాయమంది, తర్వాత వేణ్ణీళ్ళంది, ఆ తర్వాత సబ్బంది. ఈ సేవలన్నిటికీ సుత్తి తళతళలాడింది గానీ చెయ్యి మాత్రం ఊడి రాలేదు. ఆఫీసుకు బయల్దేరుతున్న భార్య గుమ్మంలో ఆగి చూసింది.

"ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ ఊడబెరుకుతారు కదండీ, ఇది రావట్లేదా?"

"మత్తిచ్చి పీకుతానే. ఊరికే కాదు."

కూతురికి జాలి లేదు. "అందుకే ఆయన ఇనప గ్లవ్సులు వేసుకుంటాడు. నాలుగో పుస్తకంలో ఉంది. నువ్వు చదవలేదు." క్లినిక్కులో డబ్బాల కొద్దీ గ్లవ్సులున్న మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "రెండింటికి సుత్తి రావాలి నాన్నా. నువ్వు రాకపోయినా పర్లేదు."

"ఇప్పుడా సౌకర్యం లేదమ్మా," అన్నాడాయన.

చేతికి తువ్వాలు చుట్టుకుని బస్సెక్కాడు. క్లినిక్కు వెనక తలుపుగుండా వెళ్దామంటే తాళంచెవి కుడి జేబులో ఉంది. ఎడమచెయ్యి నడుం చుట్టూ తిప్పి ఎంత తంటాలు పడ్డా జేబు అందలేదు. చేసేది లేక ముందు తలుపుగుండానే వెళ్ళాడు.

లోపల ముగ్గురున్నారు. ఒకరు పెద్ద టీచరమ్మ, ఒకరు పక్క సందు దర్జీ. మూడో ఆయన కుర్చీ పట్టనంత మనిషి, మీసం దానికి తగ్గట్టే ఉంది. ఆయనే సంక్షేమాధికారి. డాక్టరును చూడగానే లేచి, మర్యాదగా కుడిచెయ్యి చాచాడు. డాక్టరు ఎడమచెయ్యి ఇవ్వబోయాడు. అది బాగుండదనిపించి వెనక్కి తీసుకున్నాడు. ఈ తడబాటులో తువ్వాలు జారి కింద పడింది.

గది చల్లబడింది. తెల్లకోటు పక్కన ఆ వెండి సుత్తి నిజం సుత్తికంటే నిజంగా ఉంది.

"భయపడకండి," అన్నాడు డాక్టరు. "ఇది మీకోసం కాదు."

అధికారి దర్జీ వంక చూశాడు. దర్జీ టీచరమ్మ వంక చూశాడు. అదే సమయానికి లోపలినుంచి రిసెప్షనిస్టు ఫోనులో వడ్రంగితో అరుస్తున్న గొంతు వినిపించింది. దారిలోంచే డాక్టరు ఫోను చేసి ఆమెకు సంగతంతా చెప్పి ఉన్నాడు. గదిలోవాళ్ళకు మాత్రం చెప్పినవాళ్ళు లేరు.

"అన్నా, రంపం పట్టుకొని అర్జంటుగా రా. ఆ, మన డాక్టరుగారికే. చిన్నది సరిపోదు, పెద్దది తే. కోసేటప్పుడు ఒకరు గట్టిగా పట్టుకోవాలి!"

దర్జీ లేచాడు. వచ్చింది తొర్ర పూడ్పించుకోవడానికి. ఆ తొర్రతోనే చావడం మేలనుకున్నాడు కాబోలు, చెప్పులు అక్కడే వదిలి వీధిలోకి పరుగెత్తాడు. "సుత్తితో కొడుతున్నాడు! రంపం కూడా వస్తోంది!" అన్న కేక మలుపు తిరిగేదాకా వినిపించింది.

గోరంత కబురు కొండంత అవడానికి ఎంతసేపు? మందుల షాపుకు చేరేసరికి ఒక పన్ను రాలింది, టైర్ల షాపుకు చేరేసరికి దవడే పోయింది. పది నిమిషాల్లో గుమ్మం ముందు జనం పోగయ్యారు. వాళ్ళలో ఎదుటి డాక్టరు అందరికంటే ముందున్నాడు. "అయ్యో, పాపం, మంచివాడే," అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతున్నాడు. జనాన్ని తోసుకుంటూ కానిస్టేబులు లోపలికి వచ్చాడు.

"డాక్టరుగారూ, అది కింద పెట్టండి."

"పెట్టలేనండీ."

"ఎందుకు పెట్టలేరు? కోపమొస్తే రావచ్చు, మాట్లాడుకుందాం."

"కోపం కాదండీ, సిమెంటు. అంటే అసలు ఉరుముదొర అని ఒకాయన ఉన్నాడు, ఆయన సుత్తి విసిరితే తిరిగి చేతికే వస్తుంది, పిడి పొట్టిది, ఎందుకంటే చేసేటప్పుడు ఈగ కుట్టి..."

"ముందు ఈ సుత్తి ఆపండి," అన్నాడు కానిస్టేబులు.

"అదేనండీ, ఆగట్లేదు!"

పెద్ద టీచరమ్మ ఒక్కతే కుర్చీలో కదలకుండా పత్రిక చదువుకుంటోంది. మీకు భయం లేదా అని కానిస్టేబులు అడిగాడు. "దేనికి నాయనా? ఆ చెయ్యి ఖాళీ లేదు. అంటే ఇవాళ నా పన్ను పీకలేడు. ఎనిమిది నెలల్లో ఇంత నిశ్చింతగా ఇక్కడ ఎప్పుడూ కూర్చోలేదు," అందామె. అధికారి మాత్రం గోడకు ఆనుకుని, చిన్న పుస్తకంలో ఏదో గబగబా రాసుకుంటున్నాడు. ఆ కలం కదిలినప్పుడల్లా డాక్టరుకు వందేసి పళ్ళు చేజారుతున్నట్టనిపించింది.

వడ్రంగి జాడలేదు, విచారణ తెగలేదు. ఒంటిగంట కావస్తుండగా జనం పక్కకు తప్పుకున్నారు. ఎర్ర దుప్పటి, పసుపు గడ్డం, తలమీద రేకు టోపీతో ఉరుముదొర గుమ్మంలో నిలబడ్డాడు. వెనక అమ్మమ్మ ఆయాసపడుతోంది. దొర గదంతా ఒకసారి కలియజూసి తండ్రి దగ్గరికి వచ్చాడు.

"నాన్నా, రిహార్సల్ అయిపోయింది. సుత్తి లేకుండా ఎలా? పద."

కానిస్టేబులు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. జరిగింది బోధపడేసరికి ఆయన ముఖం ఎర్రబడింది. అయితే అది నవ్వు ఆపుకోవడం వల్ల. అంతలో వడ్రంగి రంపంతో రానే వచ్చాడు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "పిడికీ వేలికీ మధ్య సందు లేదు సార్. ఉలితో కొంచెం కొంచెంగా చెక్కాలి, రెండు గంటల పని," అన్నాడు. గడియారం ఒంటిగంట దాటుతోంది. అధికారి కోసం డాక్టరు చుట్టూ చూశాడు. ఆయన ఆనుకున్న గోడ ఖాళీగా ఉంది. ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

పద్నాలుగేళ్ళ మంచితనం ఒక్క పూటలో బూడిదలో పోసిన పన్నీరయింది. మనిషి కుర్చీలో కూలబడ్డాడు. కానీ ఊలు గడ్డంలోంచి రెండు కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. ఆ కళ్ళల్లో అప్పటిదాకా ఉన్న దొరతనం పోయి నీళ్ళు తిరుగుతున్నాయి.

"పదమ్మా," అన్నాడు లేచి.

నాటకంలో ఉరుముదొర మంచురాక్షసుడి మీదికి సుత్తి విసరాలి. అది తగిలి తిరిగి రావాలి. బళ్ళో టీచరు అందుకు తాళ్ళూ కప్పీ సిద్ధంచేసి పెట్టుకుంది. అవేవీ అక్కర్లేకపోయాయి. "పో, నా సుత్తీ!" అని దొర గర్జించగానే తెరచాటునుంచి తెల్లకోటు వేసుకున్న నడివయసు మనిషొకడు చెయ్యి ముందుకు చాపుకుని వేదికకు అడ్డంగా పరుగెత్తాడు. రాక్షసుడి అట్టకిరీటాన్ని నొప్పి తెలియకుండా తాకాడు. అదే వేగంతో వెనక్కి వచ్చి దొర పక్కన ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. హాలు దద్దరిల్లింది. ఇంకోసారి, ఇంకోసారి అని కేకలు వేశారు. నాటకంలో ఒక్కడే ఉన్న రాక్షసుడు ఆ రోజు ఐదుసార్లు చచ్చాడు.

ఆ తర్వాత వడ్రంగి పనిలోకి దిగాడు. డాక్టరు ఆ రెండు గంటలూ అరుస్తూనే ఉన్నాడు. "కొంచెం ఓర్చుకోండి సార్, అయిపోయింది, అయిపోయింది," అన్నాడు వడ్రంగి. ఆ మాటను తాను పద్నాలుగేళ్ళుగా ఎంతమందితో అన్నాడో డాక్టరుకు గుర్తొచ్చింది. అది ఎంత పచ్చి అబద్ధమో కూడా తెలిసింది.

మర్నాడు పొద్దున క్లినిక్కు మూసేసే ఆలోచనతో వచ్చాడు. గుమ్మంలో అధికారి నిలబడి ఉన్నాడు. డాక్టరు కుడిచెయ్యి వంక ఒకసారి చూసి, ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాకే నోరు తెరిచాడు.

"ఏడేళ్ళుగా పళ్ళ పరీక్షకు రమ్మని మావాళ్ళను బతిమాలుతున్నానండీ. నొప్పి ఉండదంటే ఒక్కడూ నమ్మడు. నిన్న సాయంత్రం షిఫ్టులో మీ సుత్తి కబురు పాకింది. రాత్రికల్లా అర్జీ వచ్చింది, రెండు వందల ఎనభై సంతకాలు." కాయితం తీసి చదివాడు: "'సుత్తి, రంపం వద్దు. మామూలు సూది అయితే మాకు సమ్మతమే.' ఆ మాట కోసం నేను ఏడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాను."

"మరి ఎదుటి డాక్టరుగారు?"

"ఆయన దగ్గర సుత్తి లేదు కదా, మావాళ్ళు మళ్ళీ సూదికే జడుసుకుంటారు. చేపల్ని చూసి ఎవడు భయపడతాడండీ?" ఆ మాటతోనే అధికారి గొంతు తగ్గించాడు. "ఆ సంతకాల్లో ఒకటి నాది. పదకొండేళ్ళుగా ఈ దవడ నొప్పి భరిస్తున్నాను. నిన్న కూడా తొందరగా వస్తే తొందరగా పోవచ్చనే వచ్చాను. కాస్త చూస్తారా? సూదితో."

చూశాడు. పిడుగును ఊహించుకుని కూర్చున్న మనిషికి అది చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు. ఆ వారంలో నలభై మంది వచ్చారు. నలభైమందీ వణుకుతూ వచ్చి, నవ్వుతూ వెళ్ళి, ఇన్నాళ్ళకు ఊరంతా చెప్పారు. నెల తిరగకుండానే జనం పోటెత్తి, వచ్చినవాళ్ళకు వాయిదాల మీద వాయిదాలు వేసే స్థితి వచ్చింది. పెద్ద టీచరమ్మ పన్ను మాత్రం ఇంకా అలాగే ఉంది.

ఎదుటి డాక్టరు చేపల తొట్టి అమ్మేసి, గొడ్డలి ఎక్కడ దొరుకుతుందో వాకబు చేస్తున్నాడు.