లాజరుకు అశ్రునివాళి

అంగడి ముందు నిలబడే మగ బొమ్మకు ఇక రంగు వేయించాల్సిందేనని లాజరు ఆ రోజు పొద్దున్నే నిర్ణయించుకున్నాడు. బొమ్మ ముక్కు మీద పెచ్చు లేచి చాలా కాలమైంది. ఒక చెవి ఎప్పుడు ఊడిందో ఎవరికీ గుర్తు లేదు. ఎండకు ముఖం వెలిసిపోయి, ఎంత ఖరీదైన చొక్కా తొడిగినా అప్పుడే జ్వరం నుంచి లేచిన మనిషిలా కనబడేది. జనం దాన్ని చూసి భయపడి అంగడి దాటి పోతున్నారని లాజరు భార్య కృపమణి ఏడాదిగా సాధిస్తూనే ఉంది.

జనం దాటి పోవడానికి కారణం బొమ్మ కాదని ఇద్దరికీ తెలుసు. కడప రింగు రోడ్డు మీద మాల్ పడ్డప్పటి నుంచి పాత బజారుకు వచ్చే మనిషే కరువయ్యాడు. అక్కడ చల్లగా ఉంటుంది, మెట్లు వాటంతట అవే పైకి పోతాయి. ఏమీ కొనకపోయినా ఆ మెట్లెక్కి దిగడానికి కమలాపురం నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తున్నాయి. పాత బజారులో మాత్రం కొత్తగా కనబడేవి 'అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డులు. గడియారాల అంగడి పోయింది, దాని చోట సెల్‌ఫోన్ కవర్ల అంగడి వచ్చింది, అదీ పోయింది. లాజరు తండ్రి పల్లె నుంచి వచ్చి పెట్టిన ఈ రెడీమేడ్ బట్టల అంగడికి ఒకప్పుడు చుట్టుపక్కల చర్చిలన్నింటి నుంచీ బాప్తిస్మం బట్టల కోసం వచ్చేవాళ్ళు. ఈ క్రిస్మస్ కూడా పోయినేడు మాదిరే గడిస్తే షట్టరు దించేద్దామని లాజరు భార్యతో ఒక్కసారి అన్నాడు. మరుసటి రోజు నుంచి ఆమె బొమ్మ సంగతి ఇంకా గట్టిగా ఎత్తుకుంది.

ఆ ఉదయం కృపమణి కమలాపురంలో చెల్లెలి కొత్తింటి ప్రార్థనకు మొదటి బస్సులో వెళ్ళిపోయింది. లాజరు అంగడి తెరిచి, బొమ్మ బట్టలు విప్పి, దాన్ని బయట అరుగు మీద ఉన్న పొడుగు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. దుమ్ము పడకుండా కొత్త తెల్ల పంచె ఒకటి తీసి తల నుంచి కాళ్ళ దాకా కప్పాడు. గాలికి ఎగిరిపోకుండా అంచులు కిందికి దోపాడు. రాయచోటి రోడ్డులో విగ్రహాలకు రంగులు వేసే మనిషి దగ్గరికి దాన్ని చేర్చాలంటే ట్రాలీ ఆటో కావాలి. షట్టరు సగం దించి, ఫోను లోపల చార్జింగుకు పెట్టిన సంగతి మరిచిపోయి, ఆటో స్టాండు వైపు నడిచాడు.

స్టాండులో ఒక్కటే ట్రాలీ ఆటో ఉంది. దాని చక్రం విప్పి ఉంది. దాని యజమాని పెద్ద ఈరన్న ఆదోని వైపు మనిషి, దేనికీ తొందరపడడు. పంక్చరు వేయించుకొస్తానని చక్రం దొర్లించుకుంటూ పోయాడు. లాజరు టీ తాగాడు, పేపరు చదివాడు, మళ్ళీ టీ తాగాడు.

అతను అక్కడ కూర్చున్న సమయంలో పాత బజారులో జరిగింది అతనికి తర్వాత ఒక్కొక్కరి నోటా తెలిసింది.

ఎదురంగడి వలి సాహెబ్‌ది అత్తరు వ్యాపారం. పెద్దాయన, రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషను వాయిదా వేసుకుంటూ వస్తున్నాడు. అంగడి తెరవడానికి వచ్చి చూస్తే ఎదురుగా సగం దించిన షట్టరు, బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన మనిషి. రోడ్డు దాటి, గుడ్డ మీది నుంచే కాలు పట్టుకుని చూశాడు. కాలు చల్లగా, కట్టెలా బిగుసుకుపోయి ఉంది. జేబులోని ఫోను తీసి లాజరుకు చేశాడు. ఫోను షట్టరు లోపలే మోగింది. ఇంక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. ముసలాయన అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చాడు.

కబురు వర్తక సంఘం అధ్యక్షుడు వీరభద్రకు చేరింది. ఫ్యాన్ల వ్యాపారి. మైకు దొరికితే వదలని మనిషే కానీ, శవమంటే భయం. దూరం నుంచే చేతులు జోడించి, ఇంటామె వచ్చేదాకా ముఖం మీద గుడ్డ ఎవరూ తీయకూడదని గట్టిగా చెప్పాడు. ఆ మాట అందరికీ మర్యాదగానే తోచింది. తర్వాత సంఘం వాట్సాప్ గ్రూపులో పెద్ద సందేశం పెట్టాడు. లాజరు ఈ బజారుకు గుండెకాయ అన్నాడు, ఆ గుండె ఈ ఉదయం ఆగిపోయిందన్నాడు. బందు అంటే ఏనాడూ ఒప్పుకోని అంగళ్ళవాళ్ళు ఈసారి అడగకముందే షట్టర్లు దించారు. దించినందువల్ల పోయే బేరమేమీ లేదు.

సందేశం గ్రూపు నుంచి గ్రూపుకు పాకి పల్లెలకు చేరింది. చిన్నప్పుడు ఆ అంగట్లో స్కూలు బట్టలు కొనుక్కున్నవాళ్ళు వచ్చారు. పాస్టరు శామ్ పాటల బృందాన్ని జీపులో ఎక్కించుకుని వచ్చాడు. వీధి చివర ఫ్లెక్సీల అంగడి ఒక్కటే తెరిచి ఉంది, అది కూడా ఈ పని మీదే. కృపమణికి చెల్లెలింట్లో కబురు అందింది. ఆమె నమ్మలేదు. భర్తకు ఫోను చేసింది. ఆ ఫోను షట్టరు వెనుక మోగుతూ ఉంటే, మోగిన ప్రతిసారీ బయట జనం కళ్ళు తుడుచుకున్నారు. ఎవరూ ఎత్తకపోయేసరికి ఆమె చెల్లెలినీ మరిదినీ వెంటబెట్టుకుని కడపకు బయలుదేరింది.

ఎండెక్కాక పెద్ద ఈరన్న చక్రం బిగించాడు. లాజరు పక్కన కూర్చున్నాడు. పాత బజారు మొదట్లో దారికి అడ్డంగా బల్ల వేసి ఉంది. దాని అవతల జనం. అంతమందిని ఆ వీధిలో చూసి లాజరుకు చాలా ఏళ్ళయింది. మూసిన షట్టర్లు చూసి ఆటో దిగాడు. బల్ల దగ్గర నిలబడిన ఒక పరాయి మనిషిని ఏం జరిగిందని అడిగాడు.

"బట్టల అంగడాయన పోయినాడంటప్పా. శానా మంచోడంట."

బజారులో బట్టల అంగళ్ళు ఇంకో మూడో నాలుగో ఉన్నాయి. లాజరు మనసులో వాటి యజమానులందరినీ తలుచుకున్నాడు. చక్కెర జబ్బున్నాయన ఒకరున్నారు, ఆయనే అయి ఉంటాడనుకున్నాడు. నిన్ననే ఆయన పలకరిస్తే తొందరలో సరిగా మాట్లాడలేదు. ఆ బాధతో పక్కనే గంపలో పూలు అమ్ముతున్న ఆమె దగ్గర పెద్ద బంతిపూల దండ కొన్నాడు. ఆటోను అక్కడే ఉండమని చెప్పి, దండ రెండు చేతుల్లో పట్టుకుని జనంలోకి నడిచాడు. చేతిలో దండ ఉన్న మనిషికి అందరూ తల వంచుకునే దారి ఇచ్చారు. ఎవరూ ముఖం చూడలేదు.

ముందు వీరభద్ర గొంతు మైకులో వినబడింది. "మా ఇంట్లో పుట్టినోళ్ళం ఎవరమూ ఇంకో బట్టల అంగడి మెట్టు ఎక్కినోళ్ళం కాదు. నేను ఇప్పుడు తొడుక్కున్న ఈ చొక్కా కూడా లాజరన్న చేతి మీదుగా కొన్నదే."

లాజరు నిలబడిపోయాడు. తన పేరే విన్నానా అనుకుని తల ఎత్తాడు. తన అంగడి బోర్డు కనబడింది. దానికి కట్టిన ఫ్లెక్సీ కనబడింది. దాని మీద, పెద్ద అక్షరాల్లో 'అశ్రునివాళి' అన్న మాట కింద, తన ముఖం ఉంది. పక్కంగడి స్టీలు సామాన్ల ఓబుళేశు కూతురి పెళ్ళిలో లడ్డు తింటుండగా ఎవరో తీసిన ఫోటో అది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది.

అతని ఒళ్ళంతా చల్లబడింది. నిజంగానే తనకేదో అయిందేమో, స్టాండులో కూర్చున్నప్పుడే అయిందేమో, ఇందాక ఎవరూ తన ముఖం వైపు చూడకపోవడం అందుకేనేమో అని ఒక్క క్షణం అనిపించింది. దండ పట్టుకున్న చేతిని ఇంకో చేత్తో గిచ్చుకున్నాడు. నొప్పి పుట్టింది. అయినా నమ్మకం కుదరక ముందున్న ఆమె భుజం తట్టాడు. ఆమె కమలాపురం వైపు ముసలామె, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. అతన్ని చూసింది, ఫ్లెక్సీని చూసింది, మళ్ళీ అతన్ని చూసి, పక్కామె మీదికి ఒరిగిపోయింది.

ఆ చోటు నుంచి మౌనం వరుస వరుసగా ముందుకు పాకింది. వెనుక మెల్లగా సాగుతున్న పాట ఆగింది. వీరభద్ర మాత్రం కళ్ళు మూసుకుని ఇంకా మాట్లాడుతున్నాడు. ఎవరో చెయ్యి లాగితే కళ్ళు తెరిచాడు. మైకు అతని చేతిలోంచి జారి పడి, వీధంతా కీచుమని మోగింది. పాస్టరు శామ్ ఒక్కడే తేరుకుని లాజరు దగ్గరికి వచ్చి, చేయి పట్టుకుని నాడి చూశాడు.

"ఈడికి ఎందుకొచ్చినావన్నా?" అని అడిగాడు. అడిగాక ఆ ప్రశ్న తనకే సరిగా తోచలేదు.

లాజరు బల్ల వైపు వేలు చూపించాడు. "అది బొమ్మ. రంగేయించాలని పెట్టినా."

వలి సాహెబ్ లేచి గుడ్డ అంచు తీశాడు. ముక్కు పెచ్చు లేచిన బొమ్మ ఆకాశం వైపు చూస్తూ పడుకుని ఉంది. ముసలాయన దాని ముఖం తడిమాడు, చెవి కోసం వెతికాడు, దొరకలేదు. తర్వాత లాజరు దగ్గరికి వచ్చి అతని ముఖం కూడా అలాగే తడిమి, రెండు చెవులూ పట్టుకుని చూసుకున్నాడు. "ఒరే అబ్బయా," అన్నాడు.

అంతలో వీధి మొదట్లో ఇంకో ఆటో వచ్చి ఆగింది. కృపమణి దిగింది. చెల్లెలు ఒక పక్క, మరిది ఒక పక్క పట్టుకుని నడిపిస్తున్నారు. జనం విడిపోయి దారి ఇచ్చారు. దారి చివర బల్ల కనబడలేదు ఆమెకు. చేతుల్లో బంతిపూల దండ పట్టుకుని నిలబడిన భర్త కనబడ్డాడు. ఆమె చేతులు విడిపించుకుని దగ్గరికి వచ్చింది.

"ఆ దండ ఎవరికి?" అంది.

లాజరు దండ వైపు చూసుకున్నాడు. "తెలీక తెచ్చినా. నాకే."

కృపమణి అతని వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచింది. ఆ చేతిని మళ్ళీ తీయకుండా అక్కడే ఉంచి, అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. లాజరు ఆ ఏడుపు విని తానూ ఏడ్చాడు. చూస్తున్నవాళ్ళలో చాలామంది కళ్ళు మళ్ళీ చెమర్చాయి.

అది తీరాక ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. బతికి ఉన్న మనిషి ముందు ఏడ్చిన ముఖాలతో నిలబడడం ఇబ్బందిగా ఉంది. కొందరు చెప్పులు వెతుక్కున్నారు. ఎట్లాగూ టౌనుకు వచ్చాము కదా, అలా మాల్‌కు పోయి చూసుకుని పోదామని వెనుక ఎవరో మెల్లగా అన్నారు. మెల్లగానే అన్నారు, కానీ వీధి నిశ్శబ్దంగా ఉంది. ఆ మాట లాజరు విన్నాడు. పొద్దుటి నుంచి తగిలిన దెబ్బలన్నింటిలోకీ అదే గట్టిగా తగిలింది. కృపమణి కూడా విన్నది.

మైకులో ఎవరెవరు ఏమేం చెప్పారో వలి సాహెబ్ అప్పటికే ఆమె చెవిన వేశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, కింద పడి ఉన్న మైకు తీసుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నలుగురిలో గొంతెత్తడం లాజరు చూడలేదు.

"మా ఆయన మీద ఇంత అభిమానం ఉండాదని మాకు తెలీదు," అంది. "మీరంతా మా అంగట్లోనే బట్టలు కొంటామని ఇంతసేపూ ఇందులోనే చెప్పినారంట. శానా సంతోషం. అంగడి తెరిచే ఉండాది." వీరభద్ర వైపు తిరిగింది. "అన్నా, ఆ చొక్కా మాత్రం మా అంగట్లోది కాదు. అట్లాంటిది మా తావ కూడా ఉండాది. లోపలికి రా, చూపిస్తా."

మైకు పెట్టేసి, వెళ్ళి షట్టరు పైకెత్తింది. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినబడింది.

వీరభద్ర వెనక్కి చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. గొంతు సవరించుకుని, అరుగెక్కి లోపలికి పోయాడు. అతని వెనుక మాట్లాడినవాళ్ళు, వాళ్ళ వెనుక మాట్లాడనివాళ్ళు కదిలారు. ఒకరిని చూసి ఒకరు జారుకోలేకపోయారు. పాస్టరు పాటల బృందమంతటికీ తెల్ల చొక్కాలు తీసుకున్నాడు. తేరుకున్న ముసలామె మనవరాలికి గౌను కావాలని లాజరునే అడిగింది కానీ, అతను చెయ్యి చాపితే మాత్రం ఒక అడుగు వెనక్కి వేసింది. ఒక అంగడి తెరిచి జనం నిండుగా ఉండేసరికి మిగతావాళ్ళు తమ షట్టర్లు దించి ఉంచలేకపోయారు. ఒక్కొక్కటీ లేచాయి. వలి సాహెబ్ దగ్గర అత్తరు, ఇంకొకరి దగ్గర గాజులు, పిల్లలకు జిలేబీలు. పెద్ద ఈరన్న వీధి మొదట్లో ఓపికగా కాచుకుని, బొమ్మకు బదులు జనం కొన్న సామాన్లు మోశాడు.

పొద్దు వాలేసరికి లాజరు అరల్లో ఖాళీలు కనబడ్డాయి. అతను స్టూలు మీద కూర్చుని వాటినే చూస్తున్నాడు. ఈ అంగడి మూసేద్దామని అన్న మాట తను అన్నదేనా అని అనుమానం వచ్చింది. భార్యను అడుగుదామనుకుని, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు వర్తక సంఘం టీ అంగడి ముందు కూడింది. పొరపాటు ఎవరిదన్న చర్చ కాసేపు నడిచింది. వలి సాహెబ్ కళ్ళ ఆపరేషను ఇక వాయిదా వేయకూడదని ఒక తీర్మానం చేశారు. అందరూ లేచి వెళ్ళాక స్టీలు సామాన్ల ఓబుళేశు ఒక్కడూ మిగిలి, కుర్చీ వీరభద్ర పక్కకు జరుపుకుని, వచ్చే వారంలో తన చావుకు ఏ రోజు అనుకూలంగా ఉంటుందో చూడమన్నాడు.