పెద్ద జ్వరం, చిన్న జ్వరం

ఆడకుండా ఓడిపోవడంలో ఉన్న సుఖం ఆడి గెలిచినవాళ్లకేం తెలుసు? మోకాలు చెక్కుకుపోదు, గొంతు ఎండిపోదు, జెర్సీ ఉతికే పనుండదు. కరోనా కాలంలో ఈ సుఖాన్ని కాలేజీ పిల్లల చేతికందించిన క్రీడల కమిటీని అందరూ ఆడిపోసుకుంటుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది!

మా అక్క కూతురినే చూడండి. ఓ చిన్న కాలేజీ వాలీబాల్ జట్టుకు కెప్టెన్. చదువుకిది చివరి ఏడాది. కాలేజీల మధ్య పోటీల్లో ఈ సెమీఫైనల్ తప్పిపోతే కాలేజీ తరఫున మళ్లీ కోర్టులో దిగే యోగం లేదు. లాక్‌డౌనంతా మా ప్రహరీకేసి బంతి కొట్టీ కొట్టీ గోడ సున్నం రాల్చేసింది. నేను పల్లెత్తు మాటనలేదు.

అవతలిది పెద్ద కాలేజీ. వాళ్ల జట్టులో ఇద్దరికి జ్వరం తగిలితే కమిటీ మ్యాచ్ వాయిదా వేసింది. ఆరోగ్యం ముఖ్యం కదా! కోలుకునేసరికి వాళ్లకు పరీక్షలు. మళ్లీ వాయిదా. చదువు ముఖ్యం కదా! ఆ తర్వాత వాళ్ల స్టేడియంలో లైట్లు మారుస్తున్నామన్నారు. వెలుతురు మాత్రం ముఖ్యం కాదా?

తీరా మ్యాచ్ జరగాల్సిన రోజుకి మా పిల్ల జట్టులో సగంమంది మంచమెక్కారు. చిన్న కాలేజీ జ్వరానికి వేళాపాళా ఉండదు మరి. ఫోన్ చేస్తే కమిటీ కార్యదర్శి ఎంతో మర్యాదగా, క్యాలెండర్‌లో ఒక్కరోజు కూడా ఖాళీ లేదమ్మా అన్నాడు. ఉన్న ఖాళీలన్నీ పెద్ద జ్వరానికే సరిపోయాయి!

ఆ పోటీల్లో అవతలి జట్టు రాకపోతే ఇచ్చే వాకోవర్‌కు ఓ పద్ధతుంది. వచ్చిన జట్టు, ఎవరూ లేని అవతలి కోర్టులోకి ఒక్క సర్వీసు కొట్టాలి. రిఫరీ విజిల్ వేస్తాడు. గెలిచినట్టే. పెద్ద కాలేజీవాళ్లు అలాగే కొట్టారు, గెలిచారు, ఫొటో కూడా దిగారు.

మా పిల్ల అప్పీలు పెట్టింది. పోనీలేవే, హాయిగా పడుకోక ఈ తిప్పలెందుకని నచ్చజెప్పాను.

"ఓడితే ఓడతా మామయ్యా. ఆడి ఓడతా," అంది.

విచారణకు మా పిల్లతోపాటు తన కోచ్, నేను కూడా వెళ్లాం. పొడవాటి బల్ల, దానిమీద నీళ్ల సీసాలు, చివర తువ్వాలు పరిచిన అధ్యక్షులవారి కుర్చీ. కుర్చీ ఖాళీ. ఆయనకు పొద్దున్నుంచీ ఒళ్లు వెచ్చగా ఉందట.

"విచారణ వాయిదా. వచ్చే శనివారం పెట్టుకుందాం, ఆ రోజంతా ఖాళీయే," అన్నాడు కార్యదర్శి.

మా పిల్ల సంచిలోంచి బంతి తీసింది. బల్లకివతల నిలబడి, నీళ్ల సీసాల మీదుగా మెల్లగా సర్వీసు కొట్టింది. బంతి వెళ్లి తువ్వాలు మీద బుద్ధిగా కూర్చుంది.

"సార్, విజిల్ వేయండి," అంది కోచ్‌తో.

కోచ్ అటూ ఇటూ చూశాడు. మాస్కు కిందికి లాగి, మెడలో విజిల్ నోట్లో పెట్టుకుని గట్టిగానే వేశాడు.

కార్యదర్శికి నవ్వూ కోపమూ కలిసొచ్చాయి. "ఎదుట మనిషే లేకుండా ఇదేం గెలుపు తల్లీ?"

"మేమూ అదే అంటున్నాం సార్. ఆ శనివారమేదో మా మ్యాచ్‌కివ్వండి."

అధ్యక్షులవారిని అడగాలన్నాడాయన. అడుగుతున్నాడు, ఇంకా.

అయినా నా మాట మీద నేనున్నాను. ఆడకుండా ఓడిపోవడం సుఖమే. కాకపోతే అంత సుఖం ఎప్పుడూ చిన్న కాలేజీకేనా? ఒక్కసారి పెద్ద కాలేజీకీ పంచి చూడమనండి!