కోట కాపలావాడు ఎవరి తాలూకు?

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవారు: నాన్న, అమ్మ, నాయనమ్మ, కోతల సాయానికని వచ్చి కబుర్ల సాయం చేస్తున్న మేనత్త శేషారత్నం, మర్నాడు మార్కెట్ యార్డుకు మిరపకాయల టిక్కీలు (బస్తాలు) తోలే సంగతి మాట్లాడటానికి వచ్చిన ట్రాక్టరు బుడే మామ, చివరగా నేను. ఒక రాజ్యాన్ని పరిపాలించడానికి ఇంతమంది చాలు. కూల్చడానికైతే ఇందులో సగం చాలు. రాజ్యాలు శత్రువుల వల్ల కూలాయని పాఠాల్లో చదువుకున్నాం. (ఆ పాఠాలు రాసినవారికి మేనత్తలు లేరనుకుంటాను.)

రాజ్యం నాది. కంప్యూటరులో ఉండేది గానీ ఆ సంగతి కంప్యూటరుకి తెలియదు. ఒకరు కథ చెప్పాలి, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులై తామేం చేస్తారో చెప్పాలి, అది నెగ్గుతుందో లేదో గవ్వలు తేల్చాలి. అదీ ఆట. బిందుమాధవి వాళ్ళ అన్న హాస్టల్లో నేర్చుకొచ్చి మాకు నేర్పాడు. (హాస్టల్లో ఇరవై ముఖాల పాచిక వాడేవారట. మా ఊరి కొట్టులో అడిగితే, ముందు అన్ని ముఖాలెందుకో చెప్పమన్నారు.) పదో తరగతి అయ్యాక బిందుమాధవి కొత్తపట్నం వెళ్ళిపోయింది, ఖుర్షిదా కనిగిరి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం బిందు ఒంగోలు బస్సెక్కి నెట్ సెంటరుకి వచ్చేది, ఖుర్షిదా వాళ్ళ ఊరి నెట్ సెంటరులో కూర్చునేది, నేను ఇంట్లో ఫోను తీగకి కంప్యూటరు తగిలించుకునేదాన్ని. ముగ్గురం చాటింగులో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాళ్ళం.

బళ్ళో హాజరు పిలిస్తే నా గొంతు మొదటి బెంచీ దాటేది కాదు. రాజ్యంలో మాత్రం ఎండ కాయాలన్నా, వాగు పొంగాలన్నా ఇద్దరూ నన్నే అడిగేవారు.

అది చివరి ఆదివారం. పరీక్షలయ్యేదాకా నెట్ సెంటరు గడప తొక్కొద్దని ఖుర్షిదా వాళ్ళ నాన్న చెప్పేశాడు. ఒకసారి ఆగితే ఆట మళ్ళీ మొదలవదని ముగ్గురికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ టైపు చెయ్యలేదు. ఆ పూటే వాళ్ళు కోటలోకి వెళ్ళాలి, వేసవి సెలవుల నుంచి నేను దాచుకున్న ముగింపు వాళ్ళకి చెప్పాలి. అడ్డంగా ఉన్నది ఒక్క గుమ్మం, దాని ముందు ఒక్క కాపలావాడు.

అనుమతులు సక్రమంగానే వచ్చాయి. నెట్టు పెడితే ఫోను మోగదు, కమిషన్ వ్యాపారి ఫోనేమో రావాలి. టెలిఫోను శాఖవారు (నాన్న) నా విన్నపాన్ని అన్ని కోణాల్లోనూ పరిశీలించి, "పెట్టుకో, ఆయన ఎటూ భోజనాలయ్యాకే చేస్తాడు," అని ఉత్తర్వులిచ్చారు.

మిగిలింది గవ్వల శాఖ. నేను వేసిన గవ్వలు వాళ్ళకి కనపడవు. నేను ఖుర్షిదా వైపు మొగ్గుతున్నానని బిందుకి అనుమానం. అందుకని గెలుపోటములతో సంబంధం లేని పెద్దమనిషి గవ్వలు వెయ్యాలని తీర్మానించుకుని, ఆ పదవిలో నాయనమ్మని నియమించాం. అప్పటిదాకా ఆవిడ అడగకుండానే వేసేది. ఆరోజు అడిగింది.

"దేనికే ఈసారి?"

"కోట గుమ్మం దగ్గర కాపలావాణ్ణి బిందు వాళ్ళు పొడవాలి నాయనమ్మా."

నాయనమ్మ గుప్పిట బిగించింది. "ఎవరబ్బాయే?"

ఇక్కడ ఆట నియమం ఒకటి చెప్పాలి. తన రాజ్యం గురించి ఎవరేమడిగినా కథ చెప్పేవారు తెలియదనకూడదు. చెప్పింది వెనక్కి తీసుకోకూడదు. ఆటకి ఇదే ప్రాణమని బిందు వాళ్ళ అన్న నొక్కి చెప్పాడు. (ఆయనకి మా నాయనమ్మతో పరిచయం లేదు.)

"ఆదెయ్య," అన్నాను.

"ఏ ఊరు?"

"కనిగిరి."

"ఇంటిపేరు?"

ఆ క్షణంలో నాకు తట్టింది ఒకే ఒక్క ఇంటిపేరు. అది మా అత్త అత్తగారి పుట్టింటిది. చెప్పేశాను. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. అత్త పిలవకుండానే వచ్చింది.

"మా అత్తగారి తరఫా! అయితే నాకు తమ్ముడు వరస."

"నాకు కొడుకు వరస," అంది నాయనమ్మ. "కొడుకు వరసైనవాణ్ణి పొడవటానికి నా చేత గవ్వలేయిస్తావటే? కళ్ళు పోతాయి!"

ఆ విధంగా ఆదెయ్య నాకు బాబాయి అయ్యాడు. పరిస్థితిని స్నేహితురాళ్ళకి నివేదించాను. "మాకు చుట్టం కాడుగా, మేం పొడుస్తాం," అని ఖుర్షిదా కొట్టింది. గవ్వలు మాత్రం గుప్పిట దాటలేదు.

"పోనీ, ఆయన ఆ పూట సెలవు పెట్టాడు," అన్నాను.

బుడే మామ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "సెలవుందంటే పర్మనెంటేనా?"

"రాజుగారి కొలువు మామా."

"పింఛను?"

"ఉంది."

"పెళ్ళయిందా?"

అంత దూరం నేను ఆలోచించలేదు. "కాలేదు," అన్నాను.

అమ్మ స్టవ్ ఆపి వచ్చి, "మంచి సంబంధమే," అంటూ గుమ్మంలో పీట వేసుకుంది.

"లేనివాడికి సంబంధమేందే, మీకు మతులు గానీ పోయినయ్యా?" అన్నాడు నాన్న.

"లేకపోతేనేం అన్నయ్యా? తాగడు, పేకాడడు, ఒకళ్ళతో మాట పడడు. ఉన్నోళ్ళలో చూపించు అలాంటోణ్ణి."

నాన్న బుడే మామ వైపు చూశాడు. (బుడే మామ దగ్గాడు.)

నాయనమ్మ తెర వైపు గడ్డం ఎగరేసింది. "ఆ కత్తి పిల్ల ఎవరే?"

"చండిక. బిందు ఆడే మనిషి."

"దాన్ని వీడికిచ్చి చెయ్యండి. మొగుడుండే కోటలోకి పోవటానికి గవ్వలెందుకు, పొడుచుకోవటాలెందుకు?"

బిందుకి కోపం వస్తుందనుకుంటూనే టైపు చేశాను. "అబ్బాయి ఎత్తెంత?" అని వచ్చింది జవాబు. "అమ్మాయి తరఫున పెద్దదిక్కుని నేనే. పెళ్ళయినా మా పిల్ల కత్తి మానదు, ముందే చెప్తున్నాం," అని ఖుర్షిదా కొట్టింది. ఇన్ని ఆదివారాల్లో ఇద్దరూ అంత వేగంగా ఎప్పుడూ టైపు చెయ్యలేదు.

"కోట లోపల ముగింపు ఉంది," అని కొట్టాను.

"ఉండవే బాబూ, ముందు ఎత్తు చెప్పు," అన్నారు.

ఎత్తు ఆలోచిస్తుండగా అత్త నా కుర్చీ వెనక్కి లాగింది. "లే. అక్షరం అక్షరం ఏరుకుంటున్నావు, ముహూర్తం దాటిపోయేట్టుంది. నేను పెళ్ళికి ముందే టైపు లోయరు పాసయ్యాను." అత్త వేళ్ళ కింద కీబోర్డు బల్లతో సహా అదిరింది. "ఐదడుగుల ఎనిమిదంగుళాలు," అని చదువుతూ కొట్టింది.

"అత్తా, లోపల ముగింపు ఉంది."

"పెళ్ళయ్యాక చూద్దాంలే. పెళ్ళి మాటల దగ్గర పిల్లలుండకూడదు. పోయి టీ పెట్టుకురా, ఆరు గ్లాసులు."

గడప దాటి లెక్క చూసుకున్నాను. "మీరు ఐదుగురేగా?"

"ఆదెయ్యకొద్దూ? వాడిదాంట్లో పంచదార వెయ్యకు, షుగరు."

"ఆదెయ్యకి షుగరని నేను చెప్పలేదే!"

"వాడి సంగతి నీకేం తెలుసే," అని అత్త తలుపు వేసేసింది.